కాళ్ళ తిమ్మిరులు

కృష్ణా డెల్టాలో నాట్లకు దిగెడివారి కాళ్ళకు చెప్పులుండవు. ముల్లు గ్రుచ్చుకొన్న తక్షణమే కాలు వెనుకకు తీసికొందురు. ఆ నొప్పియే వారికి రక్ష. ముల్లు దిగినను తెలియని పాదము ప్రమాదములో నున్నదన్నమాట.

బాసింపట్టు వేసికొని చాలసేపు కూర్చున్నచో కాలు తిమ్మిరెక్కును. నరముపై ఒత్తిడి తొలగిన కొన్ని నిమిషములకు తగ్గును; దానికి చింత వలదు. కాని రెండు పాదముల వ్రేళ్ళ కొనలనుండి ఆరంభమై, రాత్రులందు మంటతో, సూదులు గ్రుచ్చినట్లుండి, క్రమముగా పైకి ప్రాకు తిమ్మిరికి తరచు మధుమేహము కారణమగును. ఏండ్ల తరబడి రక్తమున చక్కెర హెచ్చుగా నుండుటచే నరములును, వాటిని పోషించు సన్నని రక్తనాళములును చెడును.

ఇతర కారణములును గలవు: బి12 విటమిను లోపము, థైరాయిడు మాంద్యము, మద్యపానము. స్పర్శలేని పాలిపోయిన మచ్చ యున్నచో కుష్ఠుకు పరీక్ష చేయించవలెను. అది మందులతో నయమగును. శరీరమున ఒక ప్రక్క హఠాత్తుగా మొద్దుబారుట పక్షవాతము కావచ్చును. క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినది. రక్తహీనతకు అది గొప్ప మందు. అయితే లోపము బి12ది యైనప్పుడు అదొక్కటే వాడినచో, రక్తము బాగుపడినను నరముల క్షయము ఆగదు. కావున బలమునకని మందులు సొంతముగా కొనక, ముందు రక్తపరీక్ష చేయించవలెను.

మధుమేహమున్నవారు విజయవాడ ఎండలకు కాగిన దారిపై చెప్పులు లేక నడువరాదు. ప్రతిరాత్రి అరికాళ్ళను వెలుగులో చూచుకొనవలెను. వంగలేని పెద్దలకు ఇంటివారు చూడవలెను.