నాన్న అడిగిన కొక్కెం

వీడియో కాల్‌లో అన్నయ్య డాలస్‌లో ఇంటి ముందు కారు కడుగుతున్నాడు. నాన్న చూపు కారు మీద లేదు. వెనక బంపర్ కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన నల్లటి ఇనప గొట్టం మీద ఉంది.

"అదేందిరా పెద్దోడా, ట్రాక్టర్‌కున్నట్టు కొక్కెం పెట్టినవ్?"

ట్రైలర్ తగిలించుకోవడానికని, దాన్ని హిచ్ అంటారని అన్నయ్య చెప్పాడు. కాల్ అయిపోయాక నాన్న నావైపు తిరిగాడు. "మన బండి కూడా కరెంటు, పెట్రోలు రెండిటి మీద నడిచేదే కదా. దీనికీ ఒకటి వేయించు."

నవ్వి ఊరుకునే మాట కాదది. మాది దుమ్ముగూడెం మండలంలో గోదావరి పక్క ఊరు. ఒకవైపు నది, ఇంకోవైపు అడవి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ చూడలేదు. అప్పుడు నాన్నకు పదహారేళ్లు. 2022లో నేను హైదరాబాద్‌లో ఉన్నాను. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, వెళ్లే దారి లేదు. మూడో హెచ్చరిక వచ్చాక ఊరంతా ట్రాక్టర్ల కోసం పరిగెత్తింది. ఉన్నవి మూడు ట్రాక్టర్లు, ఇళ్లేమో డెబ్బై. మా వంతు వచ్చేసరికి వాకిట్లో మోకాళ్ల లోతు నీళ్లు. మేకలు, నానమ్మ ఎక్కారు. మోటారు, స్టార్టర్ డబ్బా, పద్దెనిమిది బస్తాల ధాన్యం మిగిలిపోయాయి. ఆ రాత్రి నాన్న ఫోన్‌లో ఒక్క మాటే అన్నాడు: "ఒక్క చిన్న ట్రాలీ సొంతానికి ఉండుంటే సరిపోయేదిరా."

అందుకే కొక్కెం సంగతిని ఆఫీసులో కొత్త పని తీసుకున్నట్టే తీసుకున్నాను. ముందు కొలతలు, తర్వాత కొనుగోలు.

ముందుగా అన్నయ్య బండి, నా బండి ఒకటి కావు. అతనిది టయోటా రావ్‌ఫోర్ ప్రైమ్. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే రాత్రి ఫోన్‌లాగా చార్జింగ్ పెట్టుకోవాలి. బ్యాటరీ 18 యూనిట్లు పడుతుంది, పెట్రోలు ముట్టకుండా 42 మైళ్లు వెళ్తుంది. నాది స్ట్రాంగ్ హైబ్రిడ్. ప్లగ్గు లేదు, బ్రేకు వేసినప్పుడూ ఇంజిన్ తిరిగినప్పుడూ తనంతట తనే చార్జ్ అవుతుంది. బ్యాటరీలో ఒక యూనిట్ కూడా పట్టదు. మన దగ్గర ప్లగ్-ఇన్ ఎస్‌యూవీలు లేకపోలేదు గానీ ఎక్కువగా లగ్జరీ కంపెనీలవే, నా ఈఎంఐకి అందేవి కావు. "రెండూ కరెంటు బండ్లే" అన్న నాన్న మాట సగమే నిజం.

అన్నయ్యది ఎంత లాగుతుందో కంపెనీయే రాసిచ్చింది: 2,500 పౌండ్లు, అంటే 1,134 కిలోలు. హిచ్ కొనేటప్పుడు అతను చేయబోయి ఆగిన తప్పు ఒకటి చెప్పాడు. అమెరికాలో హిచ్‌లకు క్లాసులుంటాయి. క్లాస్ 1 అంటే 2,000 పౌండ్ల దాకా, క్లాస్ 2 అంటే 3,500, క్లాస్ 3 అయితే 8,000 దాకా. పెద్ద క్లాసుది బిగిస్తే బండి అంత లాగుతుందని చాలామంది అనుకుంటారట. లాగదు. బండి, హిచ్, గుండు, ట్రైలర్ ఈ నాలుగింటిలో ఏది తక్కువో అదే లెక్క. అయినా అతను క్లాస్ 3దే తీసుకున్నాడు, లాగడానికి కాదు. దాని గొట్టం రెండంగుళాలది, సైకిల్ స్టాండ్లు ఎక్కువగా ఆ సైజువే.

బిగించడం ఒక శనివారం పని. సైలెన్సర్‌ను పట్టుకునే రబ్బరు కొక్కేలు విప్పి కిందికి దించారు, ఛాసిస్‌లో ముందే ఉన్న నట్లలోకి బోల్టులు ఎక్కించారు, టార్క్ రెంచ్‌తో చెప్పినంత బిగించారు. డ్రిల్లింగ్ లేదు, వెల్డింగ్ లేదు. నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి పోలేదు. ఏ హైబ్రిడ్‌లోనైనా ఆ రంగు అంటే హై వోల్టేజ్, చెయ్యి పెట్టకూడదు. ఎక్కువ టైమ్ తిన్నది లైట్ల వైరింగే. పాత బండ్లలో వెనక లైటు వైరు కోసి ట్రైలర్‌కు కలిపేవాళ్లు. ఇప్పటి బండ్లలో ఎల్‌ఈడీలు, వాటిని చూసుకునే కంప్యూటర్. దాని నుంచి ట్రైలర్ బల్బులకు కరెంటు లాగితే అది తప్పు పట్టేస్తుంది, లేదా కాలిపోతుంది. అందుకని బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో కరెంటు తీసుకునే చిన్న కన్వర్టర్ పెట్టారు. బండి సిగ్నల్ మాత్రం ఇస్తుంది, పవర్ వేరే దారిలో వస్తుంది.

ఇదంతా చెప్తుంటే నాన్నకు విసుగొచ్చింది. కానీ "గుండు మీద బరువు" అన్న దగ్గర మాత్రం చెవి పెట్టాడు. ట్రైలర్ మొత్తం బరువులో పదోవంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు కొక్కెం మీద పడాలి. తక్కువ పడితే వేగంలో ట్రైలర్ పాములా ఊగి కారును కూడా ఊపేస్తుంది. ఎక్కువ పడితే కారు వెనక భాగం కిందికి కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

"ఎడ్ల బండి లెక్కే కదరా," అన్నాడు నాన్న. "వెనక ఎక్కువ వేస్తే నొగ పైకి లేస్తది, ఎడ్ల మెడకు తాడు బిగుసుకుంటది. ముందు ఎక్కువైతే కాడి అణిచి ఎడ్లు మోకాళ్ల మీద పడతయ్."

నేను రెండు వీడియోలు చూసి నేర్చుకున్నది ఆయన చిన్నప్పుడే చేసినవాడు.

తర్వాత బరువు లెక్క వేశాం. బస్తాలు పది, ఒక్కోటి నలభై కిలోలు, మొత్తం 400. మోటారు, స్టార్టర్, పైపులు 100. ఐదు మేకలు 125. గ్యాస్ బండలు, గిన్నెలు, బట్టలు 75. సామానే 700. చిన్న ఇనప ట్రాలీ సొంత బరువు తక్కువలో తక్కువ 300. అంటే టన్ను. కొక్కెం మీద వంద కిలోలు. అన్నయ్య బండికే ఇది అంచు మీద పని. పైగా టన్ను ట్రాలీకి సొంత బ్రేకులుండాలి. యూరప్‌లో 750 కిలోల లోపు ట్రైలర్లకే బ్రేకులు లేకపోయినా ఒప్పుకుంటారు. బ్రేకుల్లేని టన్ను బరువు వానలో మా రేగడి రోడ్డు మీద వెనక నుంచి తోస్తుంటే, ముందున్న కారు ఆగేది దేవుడి దయ.

ఇక నా బండి పుస్తకం తెరిచాను. ట్రైలర్ లాగడాన్ని మేం సిఫారసు చేయం అని ఒక్క లైను, అంతే. అంకె లేదు. అంకె లేదంటే కంపెనీ ఆ బండిని లాగే పనికి పరీక్షించి నాకు మాట ఇవ్వలేదనే అర్థం. హైబ్రిడ్‌లో ఇది ఇంకా ముఖ్యం. మామూలు బండి క్లచ్ కాలితే వాసన వస్తుంది. ఇక్కడ గట్టు ఎక్కేటప్పుడు భారం పడేది మోటారు, ఇన్వర్టర్ మీద. అవి వేడెక్కితే బండి తనే పవర్ తగ్గించుకుంటుంది. వరద నీటికీ గట్టుకూ మధ్య అలా జరిగితే?

అయినా ఆశ చావక భద్రాచలంలో ఒక వెల్డింగ్ షాపుకు వెళ్లాను. "రెండు గంటల పని సార్. యాంగ్లర్ కొట్టి గుండు పెట్టి ఇస్తా. ట్రాక్టర్లకు రోజూ చేసేదే," అన్నాడు. అతను అబద్ధం చెప్పట్లేదు. ట్రాక్టర్‌కు అది సరిపోతుంది. నా బండిలో డిక్కీ కింద హైబ్రిడ్ బ్యాటరీ ఉంది. వెల్డింగ్ కరెంటు బాడీలోంచి పోతే లోపలి కంప్యూటర్లకు ముప్పు, వేడికి పక్కనున్న గట్టి ఉక్కు బలం తగ్గుతుంది. ర్యాంపు ఎక్కించి కింద టార్చ్ వేసి చూపిస్తే అతనే తల గోక్కున్నాడు. "ఐతే వద్దులే సార్."

బంపర్‌లో మూత తీసి బిగించే రింగు ఉంది కదా, దానికి తగిలిద్దామని నాన్న చివరి ప్రయత్నం చేశాడు. చాలామందికి ఈ అనుమానం వస్తుంది. ఆ రింగు బండి బురదలో దిగబడితే బయటికి లాగడానికి. మెల్లగా, తిన్నగా, కాసేపు. గుంతల్లో పైకీ కిందికీ కొట్టుకునే బరువు కోసం కాదు.

చట్టం కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. సొంతంగా రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు కావాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ముందు బంపర్‌కు ఇనప గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది కూడా ఇదే సెక్షన్ పట్టుకుని. రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు కింద వెల్డింగ్ చూస్తే నా దగ్గర జవాబు లేదు.

నాన్నతో వద్దని చెప్పడం మాత్రం కష్టమైంది. ఏం మాట్లాడలేదు, మేకలకు ఆకు వేయడానికి వెళ్లిపోయాడు. రాత్రి అన్నం తినేటప్పుడు నేనే ఎత్తాను. 2022లో మనం ట్రాక్టర్‌కు ఎప్పుడు చెప్పాం? మూడో హెచ్చరిక వచ్చాక, 53 అడుగుల దగ్గర. మొదటి హెచ్చరిక 43కే ఇస్తారు, రెండోది 48కి. మనకు పది అడుగుల టైమ్ ఉంది, వాడుకోలేదు.

"43కే మూటలు కడితే ఊళ్లో నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీ."

కాసేపాగి, "అయినా బండేదీ?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చిన్నాన్న దగ్గర దొరికింది. మా వీధిలో నాలుగిళ్లవాళ్లం కలిసి పాత టాటా ఏస్ ఒకటి తీసుకున్నాం. ముప్పావు టన్ను దాకా మోస్తుంది, మా లెక్కలోని 700 కిలోలకు సరిగ్గా సరిపోతుంది. ట్రాలీ, గుండు, ఊగడం గొడవే లేదు. మూడు టన్నుల లోపు గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చింది కాబట్టి నేనూ నడపొచ్చు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఖర్చు నాలుగు భాగాలు. మిగతా రోజుల్లో చిన్నాన్న కొడుకు దానిమీద కూరగాయలు భద్రాచలం సంతకు వేస్తాడు. వానాకాలంలో మాత్రం రాత్రికి అది ఎత్తు మీదున్న బడి పక్కనే ఉండాలి, ట్యాంకు సగానికి తగ్గకూడదు. ఈ రెండు షరతులూ నాన్నవే.

నా కారు ఊరికి వెళ్లినప్పుడు నానమ్మను, మందుల సంచిని, పత్రాల పెట్టెను ఎక్కించుకోవడానికి. నీళ్లు రాకముందే. హై వోల్టేజ్ బ్యాటరీ ఉన్న బండిని వరద నీళ్లలోకి దింపే ఆలోచన నాకు లేదు.

మొన్న అన్నయ్య కాల్‌లో తన కొక్కేనికి సైకిళ్లు తగిలించి చూపించాడు. నాన్న మెచ్చుకోలేదు. "టన్ను లాగే దానికి రెండు సైకిళ్లా?" అని, ఫోన్ తిప్పి బడి గోడ పక్కనున్న టాటా ఏస్‌ను చూపించాడు. ఆదివారం ఆదివారం దాన్ని స్టార్ట్ చేసి పది నిమిషాలు నడపనిస్తాడు. అది ఆగేలోపు వాట్సాప్‌లో వచ్చిన గోదావరి మట్టం చూసుకుంటాడు. మొన్న 19 అడుగులు ఉంది.