పట్టేసిన మోకాలిని పిసికితే విడుస్తుందా?

తొడ ఎముక విరిగి, కట్టు విప్పాక మోకాలు మడత పడకపోతే వేడి నూనె పోసి, ఇద్దరు పట్టుకుని బలంగా వంచితే ‘నరం విడుస్తుంది’ అన్న మాట బుచ్చయ్యపేట లాంటి పల్లె మండలాల్లో ఇంకా చెల్లుతోంది. కాళ్లు పాడుచేస్తున్నది ఈ మాటే. అక్కడ పట్టేసింది నరం కాదు. తొడ ముందువైపు నాలుగు కండరాల్లో అడుగుది నేరుగా ఎముక మీదే పరుచుకుని ఉంటుంది. ఎముకతోపాటు అదీ చితికి, మానేటప్పుడు ఎముకకే అతుక్కుపోతుంది. కీలు బాగానే ఉన్నా అతుక్కున్న కండ కాలిని మడవనివ్వదు. దాన్ని పిసికి లాగితే లోపల మళ్లీ చిరిగి నెత్తురు గడ్డకడుతుంది, కొందరిలో ఆ గాయంలోనే కొత్త ఎముక పుడుతుంది. నెలల తరబడి వాడక పెళుసుబారిన తొడ ఎముక ఆ బలవంతానికి మళ్లీ విరగొచ్చు, మోకాటి చిప్ప కూడా పగలొచ్చు. డాక్టర్లూ వంచుతారు కదా అంటారు. వంచుతారు, మత్తిచ్చి, కండ సడలాక, అతుకు ఇంకా లేతగా ఉన్న తొలి వారాల్లో. ముదిరాక వాళ్లూ బలం వాడరు, కోసి విడదీస్తారు. థామ్సన్ అనే సర్జన్ 1944లో వివరించిన ఆపరేషన్, ఆ తర్వాత జుడె అనే సర్జన్ చూపిన పద్ధతి అందుకే ఉన్నాయి.

దెబ్బే తగలని పిల్లకు ఇదే బిగువు వస్తే వాతమంటారు, వంకాయ మానమంటారు. రెండూ పనికిరాని మాటలే. పసితనంలో జ్వరమొచ్చినప్పుడల్లా తొడలో పొడిచిన మందు ఇంజెక్షన్లే చాలాసార్లు కారణం. 1970లలో జపాన్‌లోని యమనాషి ప్రాంతంలో ఎందరో పిల్లలు ఇలాగే కాళ్లు మడవలేకపోతున్నారని బయటపడింది. పిల్లను బోర్లా పడుకోబెట్టి మడమను పిరుదు వైపు మెల్లగా మడిచి చూడండి. మోకాలు కొంత వంగి ఆగిపోయి, పిరుదు పైకి లేస్తే అనుమానించాలి. తొడ మీద చిన్న సొట్ట ఉండి, మడిచేకొద్దీ లోతైతే ఇంకా అనుమానించాలి. ఎముక పెరుగుతుంది, బిగిసిన కండ పెరగదు; ‘పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది’ అని ఆగితే చిప్ప పక్కకు జరుగుతుంది. అలాగని టీకాలు మానిపించకండి. పసివాళ్లకు తొడలో వేసే టీకా అర మిల్లీలీటరు, లెక్క ప్రకారం కొన్నిసార్లే వేస్తారు. జ్వరానికి రోజూ పొడిచే మందుతో దానికి పోలిక లేదు.

ఆపరేషన్‌తో కాలు బలం తగ్గుతుందన్న భయంలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. కొన్ని నెలలు మోకాలు దానంతటది పూర్తిగా చాపుకోలేకపోవచ్చు, కొందరిలో ఆ లోటు కొంత మిగిలిపోవచ్చు కూడా. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి వ్యాయామం చేయాల్సిందే. మానేస్తే మళ్లీ అతుక్కుంటుంది. కాబట్టి కట్టు విప్పిన నాడే ఫిజియోథెరపీ అడగండి. వారాలు గడిచినా మడత పెరగకపోతే విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి వెళ్లండి. ఎముక విరిగిన నాటి ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి, పిసికించి ఉంటే ఎప్పుడో దాచకుండా చెప్పండి. గాయంలో పుట్టిన కొత్త ఎముక ముదిరిందా లేదా చూసుకున్నాకే కత్తి ఎప్పుడు పెట్టాలో తేలుస్తారు.