క్రింది కోర్టులలో ప్రాసిక్యూషన్: దర్యాప్తుకూ విచారణకూ మధ్య

నేరం వల్ల నష్టపోయినది వ్యక్తి అయినా, పోలీసు కేసులలో ముద్దాయికి ఎదురుగా నిలిచేది ప్రభుత్వమే. ప్రభుత్వం తరఫున మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు, సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు కేసు నడుపుతారు. కేసు వీగిపోతే మొదట వినిపించేది వీరి వైఫల్యమే. అయితే ఆ కేసు రూపుదిద్దుకొన్న దశలో వీరి పాత్ర బహు స్వల్పం.

ఒక సాధారణ దొంగతనం కేసును పరిశీలిస్తే ఇది బోధపడుతుంది. సాక్షులను విచారించేది, వారి వాంగ్మూలాలను వ్రాసుకొనేది, సొత్తును స్వాధీనం చేసుకొనేది దర్యాప్తు అధికారి. పోలీసులకిచ్చిన వాంగ్మూలంపై సాక్షి సంతకం ఉండరాదని చట్టమే చెబుతున్నది. స్వాధీనానికి మాత్రం మధ్యవర్తుల సంతకాలు కావాలి. తెలుగు ప్రాంతాల కోర్టులలో పంచనామాకు ‘మధ్యవర్తుల నివేదిక’ అన్న పేరు వాడుకలో ఉన్నది. విచారణ నాటికి ఆ మధ్యవర్తి, పోలీసు స్టేషనులో కాగితంపై సంతకం మాత్రమే చేశానని చెబితే, ప్రాసిక్యూటరు కోర్టు అనుమతితో తన సాక్షినే ఎదురు ప్రశ్నించవలసి వస్తుంది. పోలీసులు వ్రాసుకొన్న పూర్వ వాంగ్మూలం సాక్షి మాటను ఖండించడానికే పనికివస్తుంది. అది స్వయంగా సాక్ష్యం కాదు. పునాది బలహీనమని అప్పుడు తెలిసినా చేయగలిగినది తక్కువ.

ఈ విభజన యాదృచ్ఛికం కాదు. ఒకప్పుడు మేజిస్ట్రేటు కోర్టులలో పోలీసు అధికారులే ప్రాసిక్యూటర్లుగా వ్యవహరించేవారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షను ఆ పద్ధతిని దాదాపు తొలగించింది. ఎస్.బి. షహానే కేసులో (1995) సుప్రీంకోర్టు, ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ నుండి పూర్తిగా వేరుచేసి ప్రత్యేక కేడరుగా ఏర్పరచాలని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇది అవసరమైన సంస్కరణే. అయితే ఆర్. సరళ కేసులో (2000) రెండవ పార్శ్వం బయటపడింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకొని, దానికి అనుగుణంగా అభియోగపత్రం దాఖలు చేయవలసిందిగా దర్యాప్తు అధికారిని ఆదేశించడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దర్యాప్తు స్వతంత్రత నిలిచింది. దాని లోపాలను ముందుగా సరిదిద్దే అవకాశం సన్నగిల్లింది.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ అగాధాన్ని కొంత పూడ్చజూసింది. సోదా, స్వాధీనం దృశ్య శ్రవణ మాధ్యమంలో నమోదు కావాలని 105వ సెక్షను నిర్దేశిస్తున్నది. మధ్యవర్తి మాట మార్చినంత మాత్రాన కేసు కూలిపోకుండా ఇది తోడ్పడవచ్చు. 20వ సెక్షను జిల్లా ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్లకు వీలు కల్పించి, శిక్షా కాలాన్నిబట్టి బాధ్యతలను పంచింది. పదేళ్లు, అంతకు మించిన శిక్ష, యావజ్జీవం, మరణశిక్ష పడదగిన కేసుల పర్యవేక్షణ డైరెక్టరుది. ఏడేళ్లకు తక్కువైనవి అసిస్టెంట్ డైరెక్టరువి. ఏడు నుండి పదేళ్లలోపు కేసులు చూసే డిప్యూటీ డైరెక్టరు విషయంలో మాత్రమే, పోలీసు నివేదికను పరిశీలించాలని చట్టం స్పష్టంగా పేర్కొన్నది. మేజిస్ట్రేటు కోర్టులలో నిత్యం నడిచే దొంగతనం, కొట్లాట వంటి కేసులకూ, సెషన్స్ కోర్టుకు వెళ్లే హత్య కేసులకూ ఆ మాట వర్తింపజేయకపోవడం విచిత్రం. పైగా, పరిశీలనలో లోపం కనబడితే దానిని పోలీసులచేత సరిచేయించే అధికారం డిప్యూటీ డైరెక్టరుకు ఉన్నదీ లేనిదీ ఆ సెక్షను చెప్పలేదు.