‘తిన్నావా’ అని అడిగే దూరపు నేస్తం

‘ఇంకా పడుకోలేదా?’ ‘లేదు, రేపే డెలివరీ.’ ‘తిన్నావా?’ ‘ఆ, పెరుగన్నం.’ ‘ఉత్తదేనా?’ ‘ఆవకాయ ఉందిలే. ఈసారి అమ్మ వెల్లుల్లి ఎక్కువేసింది.’ రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఇలా మొదలయ్యే మాటలు ఆవకాయ మీదుగా, అపార్ట్‌మెంట్‌లో రెండ్రోజులుగా రాని నీళ్ల మీదుగా, రేపటి మ్యాచ్ మీదుగా సాగుతాయి. పావుగంట గడిచాక అసలు మాట బయటికొస్తుంది: ‘ఇవాళ కాల్‌లో మా లీడ్ అందరి ముందూ అరిచాడు.’ రాస్తున్నవాళ్లు హైదరాబాద్‌లో ఒకరు, రాజమండ్రిలోనో డల్లాస్‌లోనో ఒకరు. పాత పాటల గ్రూపులోనో, పోటీ పరీక్షలకు చదివేటప్పుడో, ఆన్‌లైన్ ఆటలోనో పరిచయమయ్యారు. ఒకరినొకరు ఎదురెదురుగా చూసుకున్నది లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది పొద్దుపోని కబుర్లలాగే కనిపిస్తుంది, కళ్లు పాడుచేసుకోవడం ఎందుకని అడుగుతారు. కళ్ల సంగతి నిజమే. కానీ ఆ కబుర్లను పనికిమాలినవని తీసిపారేయడం మాత్రం పొరపాటు. ఉద్యోగం చేసే మనిషికి ఇల్లు ఇవ్వలేనిదీ, ఆఫీసు ఇవ్వలేనిదీ ఒకటి ఈ దూరపు స్నేహాలు ఇస్తున్నాయి. అది దొరకడానికి ముందు ఆ ఆవకాయ ముచ్చట జరగాల్సిందే.

మన ఊళ్లలో ఎదురుపడ్డ మనిషిని ‘ఎటో బయల్దేరినట్టున్నారే’ అని అడుగుతాం. పక్కింటావిడ గోడ మీదుగా ‘ఏం కూర వదినా?’ అంటుంది. ఎటు వెళ్తున్నారో, ఏం వండారో తెలుసుకోవాలన్న ఆత్రం ఇందులో లేదు. ‘నువ్వు నా లెక్కలో ఉన్నావు’ అని చెప్పడమే దీని పని. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ల తరబడి గడిపిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1923లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతే చెప్పాడు. వాతావరణం గురించి, క్షేమసమాచారాల గురించి మనుషులు మాట్లాడుకునేది కబురు చేరవేయడానికి కాదని, బంధం నిలుపుకోవడానికని ఆయన తేల్చాడు. బంధం ముడిపడడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కగట్టిన వాళ్లున్నారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధన ప్రకారం, ముఖపరిచయం ఓ మోస్తరు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడనుకోవడానికి 90 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుంది. ఆయన లెక్కవేసింది ఎక్కువగా పక్కపక్కన గడిపిన కాలాన్ని. ఎక్కడో ఉన్నవాళ్లు ఆ గంటల్ని కూడబెట్టుకోవాలంటే బస్సులో పది నిమిషాలు, అన్నం తింటూ ఐదు నిమిషాలు రాసుకోవడమే దారి. అన్నాళ్లుగా మన కూర, మన బస్సు, అమ్మ మోకాలి నొప్పి, ఆఫీసులో ఎవరు ఎలాంటి వాళ్లు అన్నీ తెలిసిన నేస్తానికి కష్టం వచ్చిన రోజున మొదటినుంచీ చెప్పుకురావక్కర్లేదు. ‘మళ్లీ అరిచాడు’ అంటే చాలు. ‘పోయిన నెల రిలీజప్పుడూ ఇంతేగా’ అని అటునుంచి జవాబొస్తుంది. ఆ ‘పోయిన నెల’ గుర్తుండడం చాలా పెద్ద విషయం. తప్పు తనదేనేమోనని కుమిలిపోతున్న మనిషికి, ఇది ఒక్కనాటి సంగతి కాదని సాక్ష్యం చెప్పేవాళ్లు దొరికినట్టే కదా.

మరి ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చుగా అంటారు. చెప్పుకోగలిగినవాళ్లు అదృష్టవంతులు. చాలామందికి అది కుదరకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు, ప్రేమ ఉండడమే. అమ్మకు చెబితే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. నాన్నకు చెబితే ‘ఉద్యోగమన్నాక ఇవన్నీ ఉంటాయి, సర్దుకుపో’ అంటారు. భార్యకో భర్తకో చెబితే ఆ నిమిషం నుంచి ఇంటి అప్పు వాయిదా ఇద్దరి గుండెల మీదా కూర్చుంటుంది. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఈ బరువు మరీ ఎక్కువ. ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికో, వీసా మార్చుకోవడానికో గరిష్ఠంగా దొరికేది 60 రోజుల గడువు. అలాంటి ఇంట్లో ‘మా టీమ్‌లో ఏదో తేడాగా ఉంది’ అన్న ఒక్క ముక్క పిల్లల బడి దాకా, కారు వాయిదా దాకా పాకుతుంది. ఇక ఆఫీసు స్నేహితులంటారా, ఎంత మంచివాళ్లయినా అదే అప్రైజల్‌లో అదే హైక్ కోసం నిలబడినవాళ్లు. క్యాంటీన్‌లో అన్న మాట సాయంత్రానికి ఎవరి చెవిన పడుతుందో చెప్పలేం. మన కష్టం వల్ల తనకు నష్టం గానీ లాభం గానీ లేని మనిషి కావాలి, అదే సమయంలో మన బాగు కోరే మనిషి కావాలి. ఈ రెండూ ఒక్కచోట కలిసేది ఎక్కువగా దూరపు నేస్తంలోనే.

ఇది ఇంటర్నెట్ తెచ్చిన వింత కాదు. బయటినుంచి వచ్చిన మనిషికి జనం తమవాళ్లకు కూడా చెప్పని రహస్యాలు చెప్పుకుంటారని జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే రాశాడు. రైల్లో ఎదురు సీటులో కూర్చున్న మనిషితో మనసు విప్పడం మనలో చాలామందికి తెలిసిందే. కాకపోతే రైలు దిగాక ఆ మనిషి మళ్లీ కనిపించడు, ఆన్‌లైన్ నేస్తం మర్నాడు కూడా ఉంటాడు. హార్వర్డ్‌లో పనిచేసినప్పుడు సామాజికవేత్త మారియో లూయిస్ స్మాల్ ఈ విషయాన్నే తవ్వి 2017లో ఓ పుస్తకం ప్రచురించాడు. ముఖ్యమైన సంగతులు ఎవరితో చెప్పుకుంటారని అడిగితే, జనం చెప్పిన పేర్లలో దాదాపు సగం వాళ్లకు ఆప్తులు కానివాళ్లవేనని తేలింది. అంతకు చాలా ముందే, 1973లో, మరో సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్ మరో కోణం చూపించాడు. బోస్టన్ దగ్గర తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లను అడిగితే, నూటికి 80 మందికి పైగా ఆ కబురు అందింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ల నుంచి. దగ్గరివాళ్లకు తెలిసింది చాలామటుకు మనకూ తెలుసు, దూరంగా ఉన్నవాళ్లకే వేరే లోకం తెలుసు. అర్ధరాత్రి ఆవకాయ ముచ్చట్లు చెప్పుకునే నేస్తమే ఓ రోజు ‘మా దగ్గర ఓపెనింగ్ ఉంది, రెజ్యూమె పంపు’ అనడంలో ఆశ్చర్యం లేదు.

ముఖం చూడని స్నేహం స్నేహమేనా అన్నది పాత ప్రశ్న. వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలు చూసి ఉత్తరాలు రాసుకున్న తరం మన మధ్యే ఉంది. వాళ్లనడిగితే జవాబు దొరుకుతుంది. అది చాలదంటే నార్వే యువకుడు మ్యాట్స్ స్టీన్ కథ వినాలి. కండరాలు క్షీణించే డ్యూషెన్ వ్యాధి వల్ల అతను చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. ఎక్కువ కాలం ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆన్‌లైన్ ఆటలో గడిపాడు. తమ కొడుకు స్నేహమన్నదే ఎరగకుండా పోయాడని 2014లో అతను 25 ఏళ్లకే చనిపోయినప్పుడు తల్లిదండ్రులు కుమిలిపోయారు. మరణవార్త బయట పెట్టగానే ఎక్కడెక్కడి నుంచో సందేశాలు వచ్చిపడ్డాయి. తమ కష్టాల్లో అతను ఎలా తోడున్నాడో ఒక్కొక్కరూ రాశారు, కొందరు దేశాలు దాటి అంత్యక్రియలకు వచ్చారు. కొడుకు ఒంటరిగా లేడని తల్లిదండ్రులకు తెలిసింది అప్పుడే.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. రోజూ అదే గోడు వెళ్లబోసుకుంటే బాధ తగ్గుతుందా, పెరుగుతుందా? బడి పిల్లల స్నేహాల మీద మనస్తత్వ పరిశోధకురాలు అమాండా రోజ్ 2002లో ప్రచురించిన అధ్యయనం కళ్లు తెరిపించేదే. ఒకే సమస్యను ఇద్దరూ కలిసి పదేపదే నెమరేసుకునే చోట స్నేహమూ గట్టిగా ఉంది, దిగులు, ఆందోళన కూడా ఎక్కువగానే ఉన్నాయి. మరోవైపు మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థుల చేత రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రాయించాడు. జరిగినదాన్నీ, దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అందుచేత చెప్పుకోవడంలో తప్పు లేదు, చెప్పిందే చెబుతూ అక్కడే తిరగడంలో ఉంది. ‘వాడంతేలే, వదిలెయ్’ అని రోజూ ఓదార్చే నేస్తం కంటే, నాలుగోసారి విన్నాక ‘మరి ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడిగే నేస్తం మేలు చేస్తాడు. కొన్ని చోట్ల ఆ ప్రశ్న ఆలస్యమైతే నష్టం కూడా. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం, ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు, అంతే. పదిమంది అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండి తీరాలి. స్నేహితురాలి దగ్గర ఏడ్చి తేలికపడి ఆ మూడు నెలలూ గడిచిపోతే, ఆ ఓదార్పు అవతలివాడికే కలిసొచ్చినట్టు. ‘ఏ తేదీన ఏం జరిగిందో కాగితం మీద పెట్టు, ఆ మెయిల్స్ దాచు’ అని చెప్పడం కూడా ఓదార్పే.

జాగ్రత్తలు లేకపోలేదు. రాసిన మాటకు స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, కంపెనీ ఇచ్చిన చాట్‌లో రాసింది కంపెనీ చూడగలదు. కాబట్టి గోడు సొంత ఫోన్‌లోనే, క్లయింట్ పేర్లు, ప్రాజెక్ట్ వివరాలు పక్కన పెట్టి చెప్పుకోవాలి. డబ్బు అడిగే కొత్త ‘స్నేహితుడి’ దగ్గర ఆగాలి, మోసపోయామనిపిస్తే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎదుటి మనిషి బతకాలని లేదన్నట్టు రాస్తుంటే అది చాట్‌తో తీరే కష్టం కాదు. అక్కడితో వదిలేయకుండా ఫోన్ చేసి మాట్లాడాలి, 14416 నంబరు ఇవ్వాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. ఆ ఒక్కరు మీ కాంటాక్టుల్లోనే ఉండవచ్చు. చాన్నాళ్లు మాట్లాడక ఇప్పుడు పలకరిస్తే ఏమనుకుంటారోనని మనం వెనకాడతాం. ఈ సంకోచం మీదే పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం 2022లో పరిశోధన చేసింది. పలకరించేవాళ్లు ఊహించినదాని కంటే ఆ పలకరింపు అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషించారు. ఎదురుచూడని పలకరింపైతే ఆ సంతోషం మరీ ఎక్కువ. కొన్నాళ్లుగా చప్పుడు లేకుండా ఉన్న నేస్తం ఎవరైనా గుర్తొస్తే, ఈ రాత్రి ఓ మాట రాయండి. ఏం రాయాలో తోచకపోతే తిన్నారా అని అడగండి.