ఇంటర్ ఆంగ్లానికి తెలుగే ఆసరా
కంఠస్థంతో గట్టెక్కడం కష్టం.. వ్యాకరణంపై పట్టుంటే భయం అనవసరం

అచ్చంపేట: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతిసారీ గ్రామీణ ప్రాంతాల కళాశాలల్లో ఒక చేదు దృశ్యం పునరావృతమవుతోంది. గణితం, భౌతికశాస్త్రం వంటి క్లిష్టమైన సబ్జెక్టుల్లో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు కొందరు ఆంగ్లంలో మాత్రం తప్పుతున్నారు. ఒక్క సబ్జెక్టు పోయినా ఇంటర్ పోయినట్లే. ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చినా, డిగ్రీలో కోరుకున్న కళాశాల అందుబాటులో ఉన్నా ఇంటర్ ఉత్తీర్ణత పత్రం లేనిదే ఎవరూ చేర్చుకోరు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి గట్టెక్కేలోగా తొలి విడత ప్రవేశాలు చేజారే ప్రమాదముంది. నల్లమల అంచు తండాల నుంచి బస్సెక్కి కళాశాలకు వచ్చే ఆడపిల్లకైతే ఇది మరింత పెద్ద గండం. ఫలితాల పట్టికలో తప్పినట్లు కనిపించిన సాయంత్రమే ఇంట్లో పెళ్లి మాటలు మొదలవుతాయి.

ఆంగ్లం పార్ట్-1లో తప్పనిసరి సబ్జెక్టు. ఏ గ్రూపు తీసుకున్నా రెండేళ్లూ రాయాల్సిందే. ఉత్తీర్ణతకు 35 శాతం మార్కులు చాలు. తెలంగాణలో 2023-24 విద్యా సంవత్సరం నుంచి మొదటి సంవత్సరం ఆంగ్లంలో 20 మార్కులను ప్రయోగ పరీక్షలకు కేటాయించి, రాత పరీక్షను 80 మార్కులకు కుదించారు. ఇంత వెసులుబాటు ఉన్నా తప్పడానికి ప్రధాన కారణం ఒకటే. ఏడాదంతా గ్రూపు సబ్జెక్టుల వెంట పరుగెత్తి, చివరి పది రోజుల్లో గైడు పట్టుకోవడం.

గైడుతో చిక్కేమిటి?

గైడులోని జవాబును వాక్యం వాక్యంగా కంఠస్థం చేసే పద్ధతి పల్లె కళాశాలల్లో వేళ్లూనుకుంది. పద్యపాదాలకు, గద్యభాగంలోని వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు, పాఠంపై లఘు ప్రశ్నలు ఇలా బట్టీ పట్టి రాయవచ్చన్న ధీమా దీనికి మూలం. అర్థం తెలియకుండా నేర్చిన జవాబులో ఒక్క మాట మరిచిపోతే మిగిలిన నాలుగు వాక్యాలూ గొంతులోనే ఆగిపోతాయి. ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే అదే జవాబు అసందర్భమవుతుంది.

ఇంతకన్నా సులువైన మార్గముంది. పాఠం సారాంశాన్ని ముందు తెలుగులో ఎవరికైనా చెప్పి చూడాలి. తమ్ముడికో, అమ్మకో కథలా చెప్పగలిగితే పాఠం అర్థమైనట్లే. ఆ తరువాత దాన్నే ఐదారు చిన్న ఆంగ్ల వాక్యాల్లో సొంతంగా రాయాలి. సందర్భసహిత వ్యాఖ్యకైతే ఈ మాటలు ఏ పాఠంలోవి, రచయిత ఎవరు, ఏ సందర్భంలో వచ్చాయి, వాటి భావమేమిటి అన్న నాలుగు అంశాలుంటే చాలు. వీటిలో మొదటి రెండు అంశాలకు కావలసింది పాఠాల పేర్లు, రచయితల పేర్లే. తప్పుల్లేకుండా వాటిని రాయడం వస్తే జవాబు సగం పూర్తయినట్లు. రచయిత పేరులో అక్షరదోషం ఉన్న జవాబును చూడగానే దిద్దే అధ్యాపకుడికి మిగతాది చదవాలన్న ఉత్సాహం తగ్గడం సహజం.

సీనియర్ల నుంచి పాత పుస్తకాలు, పాత గైడ్లు తెచ్చుకునేవారు మరో విషయం గమనించాలి. సిలబస్, ప్రశ్నల తీరు మారుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరం సిలబస్‌ను మార్చారు. ఏ రాష్ట్రంలో చదివేవారైనా తమ బోర్డు ఆ ఏడాది ఇచ్చిన నమూనా ప్రశ్నపత్రాన్ని ముందు దగ్గర పెట్టుకుని చదువు మొదలుపెట్టాలి.

వ్యాకరణంలోనే మార్కుల మూట

అసలు మార్కులు దొరికే చోటు, విద్యార్థులు వదిలేసే చోటు వ్యాకరణ, ఉచ్చారణ భాగమే. ఖాళీలు పూరించడం, వాక్యాన్ని మార్చి రాయడం, తప్పులు సరిదిద్దడం వంటి ఈ చిన్న ప్రశ్నల్లో జవాబు సరైనదైతే పూర్తి మార్కు వస్తుంది. ఇక్కడ తెలుగు మాధ్యమంలో చదివినవారు తమకు తెలుగు అడ్డమని భావిస్తారు. నిజానికి ఈ భాగంలో చాలా చోట్ల తెలుగే దారి చూపుతుంది.

మొదట ఆర్టికల్స్. తెలుగులో ఇవి లేవు. ‘ఎ’ రావాలా, ‘యాన్’ రావాలా అన్నది తర్వాతి మాట స్పెల్లింగును బట్టి కాక ధ్వనిని బట్టి ఉంటుంది. ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాలుంటే ‘యాన్’ అని బడిలో నేర్చిన సూత్రం ఇంటర్‌లో దెబ్బ తీస్తుంది. దీనికి విరుగుడుగా ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడాలి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ‘అవర్’ అ కారంతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ అవర్’. ఆంగ్లంలో రాసినప్పుడు ముందున్న హెచ్ పలకదు. ‘యూనివర్సిటీ’ య కారంతో మొదలవుతుంది కనుక ‘ఎ యూనివర్సిటీ’. ‘వన్ రూపీ నోట్’ వ కారంతో మొదలవుతుంది కనుక ‘ఎ’. ‘ఎమ్మెల్యే’కు ‘యాన్’. అయితే ఒక జాగ్రత్త అవసరం. మన నాలుక ‘ఎగ్’ను ‘యెగ్గు’గా, ‘వుమన్’ను ‘ఉమన్’గా పలుకుతుంది. ఈ రెండు చోట్ల యాస మోసం చేస్తుంది. ‘యాన్ ఎగ్’, ‘ఎ వుమన్’ అన్నవే సరైనవి.

ఉచ్చారణ ప్రశ్నల్లో తెలుగు వ్యాకరణమే నేరుగా ఉపయోగపడుతుంది. క, చ, ట, త, ప పరుషాలని, గ, జ, డ, ద, బ సరళాలని హైస్కూలు తెలుగు పంతులు సంధి పాఠంలో చెప్పే ఉంటారు. భూతకాలంలో క్రియ చివర చేర్చే ‘ఈడీ’ని ఎప్పుడు ‘ట్’గా, ఎప్పుడు ‘డ్’గా పలకాలన్న ప్రశ్నకు సమాధానం అందులోనే ఉంది. క్రియ చివర క, చ, ప వంటి పరుష ధ్వని గానీ, ఫ, స, ష ధ్వని గానీ ఉంటే ‘ట్’ వస్తుంది. ‘వాక్’, ‘స్టాప్’, ‘వాచ్’, ‘వాష్’ ఈ కోవలోవి. గ, బ వంటి సరళ ధ్వని, ల, మ, న వంటివి లేదా అచ్చు ఉంటే ‘డ్’. ‘బెగ్’, ‘ఓపెన్’, ‘ప్లే’ ఇందుకు ఉదాహరణలు. ‘వాంట్’, ‘నీడ్’ వంటి మాటల్లా చివర ‘ట్’ లేదా ‘డ్’ ఉంటే మాత్రం ‘ఇడ్’ అవుతుంది. బహువచనంలో చేర్చే ‘ఎస్’కూ ఇదే నియమం వర్తిస్తుంది. ‘క్యాట్స్’లో ‘స్’ పలుకుతుంది, ‘డాగ్స్’లో ‘జ్’ పలుకుతుంది, ‘బస్’ బహువచనంలో ‘ఇజ్’ పలుకుతుంది. మూడు పట్టికలను బట్టీ పట్టే బదులు ఈ ఒక్క భేదం గుర్తుంటే చాలు.

సిలబుల్స్ లెక్కించడం దీనికన్నా తేలిక. మాటను తెలుగులో రాసి, పొల్లు హల్లులను వదిలేసి, అచ్చు కలిసిన అక్షరాలను లెక్కపెట్టాలి. ‘వాటర్’లో వా, ట రెండు. ‘ఎడ్యుకేషన్’లో ఎ, డ్యు, కే, ష నాలుగు. ‘స్కూల్’లో ఒక్కటే. ఇక్కడా యాసతో ముప్పుంది. ‘ఇస్కూలు’ అని, ‘ఫిలిం’ అని పలికేవారికి లెక్క తప్పుతుంది. ‘ఫిల్మ్’ ఒక్క సిలబులే.

‘నుంచి’ తెచ్చే తంటా

తెలుగు దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. వాటిని ముందే తెలుసుకుంటే తప్పులు సరిదిద్దే ప్రశ్నలో మార్కులు పోవు. ‘రెండేళ్ల నుంచి చదువుతున్నాను’, ‘2024 నుంచి చదువుతున్నాను’ అన్న రెండు చోట్లా తెలుగులో ‘నుంచి’ ఒక్కటే. ఆంగ్లంలో కాలవ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’. పైగా ‘చదువుతున్నాను’ అనగానే విద్యార్థి ‘ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అని రాస్తాడు. చిన్న వాక్యంలో రెండు తప్పులు. ‘ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ టూ ఇయర్స్’ అన్నది సరైనది. ‘గురించి చర్చించారు’ అన్న అలవాటుతో ‘డిస్కస్డ్ అబౌట్’ అని, ‘ఫలానా ఆయనతో పెళ్లయింది’ అన్న అలవాటుతో ‘మ్యారీడ్ విత్’ అని రాయడమూ ఈ కోవలోవే. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ అక్కర్లేదు, ‘మ్యారీడ్’ తర్వాత ‘టు’ రావాలి.

క్వశ్చన్ ట్యాగ్‌ల సంగతి మరీ విచిత్రం. తెలుగువారికి ‘కదా’ ఒక్కటే ఆయుధం. ‘ఆయన టీచరు కదా’, ‘వాళ్లు బడికి వెళ్లారు కదా’, ‘ఆమెకు ఈత రాదు కదా’ అన్నింటికీ అదే సరిపోతుంది. ఆంగ్లంలో వాక్యంలోని సహాయక క్రియను, కర్తను బట్టి అది మారుతుంది. వాక్యం సానుకూలమైతే ట్యాగ్ వ్యతిరేకం, వాక్యం వ్యతిరేకమైతే ట్యాగ్ సానుకూలం. అందుకే మొదటిదానికి ‘ఈజింట్ హీ’, రెండోదానికి ‘డిడింట్ దే’, మూడోదానికి ‘క్యాన్ షీ’. ‘ఐ యామ్ లేట్’కు ‘ఆరింట్ ఐ’, ‘లెట్స్ గో’కు ‘షల్ వుయ్’ అన్న రెండు మాత్రం విడిగా గుర్తుంచుకోవాల్సినవి.

వాక్యంలో పదాల వరుస విషయంలోనూ తేడా ఉంది. ‘పోలీసులు దొంగను పట్టుకున్నారు’ అన్నా, ‘దొంగను పోలీసులు పట్టుకున్నారు’ అన్నా తెలుగులో అర్థం మారదు. ‘ను’ అనే విభక్తి కాపాడుతుంది. ఆంగ్లంలో ఆ విభక్తి లేదు, పదం కూర్చున్న చోటే విభక్తి. చోటు మారితే దొంగే పోలీసులను పట్టుకున్నట్లవుతుంది. కర్మణి వాక్యంలో దొంగను ముందుకు తెచ్చినప్పుడు ‘వజ్ కాట్ బై’ అన్న మాటలు తప్పనిసరి అయ్యేది అందుకే.

పరోక్ష కథనానికి దినపత్రికే మంచి పాఠం. ‘రేపు వస్తాను’ అని నాయకుడు అన్న మాట పత్రికలో ‘మరుసటి రోజు తాను వస్తానని చెప్పారు’ అని వస్తుంది. ‘నేను’ ‘తాను’గా, ‘రేపు’ ‘మరుసటి రోజు’గా మారడం ఆంగ్లంలోనూ అంతే. అదనంగా అక్కడ ‘విల్’ ‘వుడ్’ అవుతుంది. ఆ ఒక్క మార్పునే విద్యార్థులు మరిచిపోతున్నారు.

పదంలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్న ప్రశ్నకు మాత్రం తెలుగు సాయపడదు. ఆ తరహా ఒత్తు మన భాషలో లేదు. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి భాగంపై, క్రియ అయితే రెండో భాగంపై ఒత్తు పడుతుందని వినడం ద్వారానే తెలుస్తుంది. చరవాణిలోని నిఘంటువులో మాట పక్కన ఉండే స్పీకర్ గుర్తు నొక్కి నాలుగుసార్లు వినడం ఉత్తమం. ఎలాగూ చేతిలో ఉండే ఫోనే కదా.

ఫారం నింపడం చిన్న పని కాదు

రెండో సంవత్సరంలో లేఖారచన, బయోడేటా, పటాల్లోని సమాచారాన్ని పేరాగా రాయడం, బ్యాంకు, రైల్వే ఫారాలు నింపడం వంటివి సాధన చేయాల్సి ఉంటుంది. ఇవి సాహిత్యం కాదని చులకన చేయడం పొరపాటు. బ్యాంకు కౌంటరు వద్ద డబ్బు తీసుకునే చీటీ నింపిపెట్టమని అపరిచితులను బతిమాలే తల్లిదండ్రులున్న ఇళ్ల పిల్లలే ఈ కళాశాలల్లో ఎక్కువ. బ్యాంకుకు వెళ్లినప్పుడు రెండు ఖాళీ చీటీలు తెచ్చుకుని ఇంట్లో నింపి చూస్తే సరి. తేదీ, ఖాతా సంఖ్య, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, సంతకం ఎక్కడ రావాలో ఒకసారి చేత్తో రాస్తే మరిచిపోరు. లేఖలో చిరునామా, తేదీ, సంబోధన, ముగింపు వాటి వాటి స్థానాల్లో ఉండటమే ముఖ్యం. విషయం నాలుగు వాక్యాల్లో ఉన్నా చాలు.

చదివి జవాబులు రాసే పేరా ప్రశ్నకు ముందు ప్రశ్నలు చదివి, ఆ తరువాత పేరా చదవాలి. అప్పుడు కన్ను జవాబు ఉన్న వాక్యం వద్దే ఆగుతుంది. జవాబును పేరాలోని వాక్యాన్ని యథాతథంగా దించకుండా, ప్రశ్నలోని క్రియను వాడుకుని పూర్తి వాక్యంగా రాయాలి.

ప్రయోగ పరీక్షను చాలామంది ఉచిత మార్కుల కింద జమకట్టుకుంటున్నారు. ఒక అంశంపై నిమిషం పాటు మాట్లాడటం, ఇద్దరి మధ్య సంభాషణ నడపడం, విని అర్థం చేసుకుని సమాధానమివ్వడం వంటివి ఇందులో ఉంటాయి. నిమిషం చిన్నదే అనిపించినా నోరు పెగలనివాడికి అది చాలా పెద్దది. ఊరు, పండుగ, ఇష్టమైన ఆట వంటి పది అంశాలపై స్నేహితుడి ముందు గడియారం పెట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. తప్పులు వచ్చినా ఆగకూడదు.

రోజూ గంట సమయం కేటాయిస్తే మూడు నెలల్లో వ్యాకరణ భాగమంతా ఒకసారి పూర్తవుతుంది. తప్పు రాసిన ప్రతి వాక్యాన్నీ ఒక నోటుపుస్తకంలో సరిచేసి రాసుకుని, పరీక్ష ముందు రాత్రి గైడు బదులు ఆ పుస్తకాన్నే తిరగేయాలి. పరీక్షలో ఒక ప్రశ్నకు చెందిన చిన్న ప్రశ్నలన్నీ ఒకేచోట, సంఖ్యలు స్పష్టంగా వేసి రాయాలి. ఒకటి ఇక్కడ, మరొకటి ఆరు పుటల తర్వాత రాస్తే దిద్దేవారి కంట పడకపోవచ్చు.

ఫలితాల్లో మార్కులు అనుమానాస్పదంగా తగ్గాయనిపిస్తే కుంగిపోనక్కరలేదు. మార్కుల కూడికను మళ్లీ సరిచూసే రీకౌంటింగ్‌కు, జవాబుపత్రం నకలు పొందే రీవెరిఫికేషన్‌కు బోర్డు అవకాశమిస్తుంది. గడువు కొద్ది రోజులే ఉంటుంది కనుక ఫలితాల రోజునే కళాశాలలో తేదీలు కనుక్కోవాలి. తప్పినవారు రీవెరిఫికేషన్ ఫలితం కోసం ఎదురుచూడకుండా సప్లిమెంటరీ రుసుము కూడా గడువులోగా చెల్లించాలి.