మీకు తెలుసా? గీసినంత మాత్రాన వెంట్రుక మందం కాదు

పైపెదవి మీది నూగును రేజర్‌తో తీస్తే మరింత ఒత్తుగా మొలుస్తుందని ఆడపిల్లల్ని భయపెడుతుంటారు. అది నిజం కాదు. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ పరీక్షించి చూశారు: షేవింగ్ వల్ల వెంట్రుక మందం, రంగు, పెరిగే వేగం ఏవీ మారలేదు. కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా వెళ్లదు. సహజంగా కొనదేలి ఉండే వెంట్రుక తెగినచోట మొద్దుగా మిగులుతుంది. చేతికి గరుకుగా తగిలేది అదే.

సున్నితమైన చర్మమైతే గోరువెచ్చని నీళ్లతో ముఖం కడిగి, జెల్ రాసి, పదునైన శుభ్రమైన బ్లేడుతో వెంట్రుక వాలిన వైపుకే మెల్లగా గీయాలి. తర్వాత సువాసనలు కలపని మాయిశ్చరైజర్ చాలు. మొటిమల మీద మాత్రం వద్దు. రెటినాయిడ్ క్రీములు వాడేవాళ్లు వ్యాక్సింగ్ జోలికి పోకూడదు, చర్మం పైపొర ఊడిరావచ్చు.

గడ్డం మీద ముతక వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు. అప్పుడు పార్లర్ కన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గొంతు కూడా బొంగురుపోతుంటే అస్సలు ఆలస్యం చేయకూడదు.