మీకు తెలుసా? జీతం సర్కారుది, అజమాయిషీ సాయం అందుకునేవారిది

మంచం దిగాలన్నా, స్నానం చేయాలన్నా, ముద్ద నోట్లో పెట్టుకోవాలన్నా ఇంకొకరి సాయం కావాల్సిన వాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మన ఇళ్లలో ఆ చాకిరీ చాలావరకు అమ్మదో, భార్యదో, అక్కదో. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని ఉద్యోగంగా గుర్తించి, గంటకింత చొప్పున జీతం ఇస్తోంది. 1973లో మొదలైన ఆ పథకం పేరు ‘ఇన్‌హోమ్ సపోర్టివ్ సర్వీసెస్’.

• ఎన్ని గంటల సాయం కావాలో ఎలా తేలుస్తారు? కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి సోషల్ వర్కర్ ఇంటికే వస్తారు. స్నానం, బట్టలు తొడగడం, తినిపించడం, మలమూత్ర విసర్జనకు సాయం, వంట, సరుకులు, ఆసుపత్రికి తోడు వెళ్లడం... ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో విడివిడిగా లెక్కగడతారు. నెలకు గరిష్ఠంగా 283 గంటలు మంజూరవుతాయి. ఆదాయం తక్కువగా ఉండి, ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికాల్‌కు అర్హులైనవారికే ఇది వర్తిస్తుంది.

• సహాయకుల్ని పెట్టుకునేదీ, పని నేర్పేదీ, నచ్చకపోతే మాన్పించేదీ సాయం అందుకునే వ్యక్తే. పనిగంటల పట్టీని ఆ వ్యక్తి ఆమోదిస్తేనే సహాయకులకు జీతం వస్తుంది. తనను ఎవరు ముట్టుకోవాలో, ఏ వేళకు లేపాలో తానే నిర్ణయించుకోగలగడం చిన్న విషయం కాదు.

• సహాయకుల్లో సగానికి పైగా సొంత బంధువులే. కొడుకును చూసుకునే తల్లికీ, నాన్నను చూసుకునే కూతురికీ జీతం అందుతుంది. భార్యాభర్తలకు, మైనర్ పిల్లల తల్లిదండ్రులకు మాత్రం కొన్ని షరతులున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ అర్హత ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు.

• తన జీవితం తన చేతిలోనే ఉండాలన్న ఈ ఆలోచనకు బాట వేసినవారిలో ఎడ్ రాబర్ట్స్ ఒకరు. ఆయనకు 14వ ఏట పోలియో సోకి, మెడ కింది భాగం దాదాపు చచ్చుబడింది. ఐరన్ లంగ్ అనే భారీ యంత్రంలో పడుకుంటేనే రాత్రిళ్లు ఊపిరి ఆడేది. చదువుకు సాయం కోరితే, ఉద్యోగానికి పనికిరారంటూ కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట కాదంది. ఆయన 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి, క్యాంపస్ ఆసుపత్రి గదిలోనే ఉండి చదివారు. 1972లో మొదలై, ఆ తర్వాత మిత్రులతో కలిసి ఆయన నడిపిన ‘సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్’ ఎన్నో దేశాలకు నమూనా అయింది. 1975లో ఆయన అదే పునరావాస శాఖకు డైరెక్టరయ్యారు.

• ఇళ్లలో విడివిడిగా పనిచేసే ఈ సహాయకులు 1999లో లాస్ ఏంజెలిస్‌లో ఒక్కటయ్యారు. 74,000 మంది ఒకేసారి యూనియన్‌లోకి వచ్చారు. సాయం చేసే చేతులకు సరైన కూలి దక్కకపోతే సాయం నిలబడదు.

• స్వీడన్‌లో తీవ్ర వైకల్యం ఉన్నవారికి వ్యక్తిగత సహాయకుల్ని పొందడం 1994 నుంచి చట్టబద్ధమైన హక్కు.

• మన చట్టంలోనూ ఈ మాట ఉంది! దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 5వ సెక్షన్ ఇంటి వద్దే సేవలు, వ్యక్తిగత సహాయం అందుబాటులో ఉండాలంటోంది. ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్ చెబుతోంది. మంచానికే పరిమితమైనవారిని చూసుకునే వారికి కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో నెలకు 600 రూపాయల సాయం ప్రకటించింది.

• ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. ఈ డబ్బు ఎంతో ఆసరా. కానీ రోజూ వచ్చి లేవదీసే మనిషిని ఏర్పాటు చేసే బాధ్యత ఇంకా కుటుంబం మీదే ఉంది.

మీ ఇంట్లోనో, వీధిలోనో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి, రోజువారీ పనులకు ఇంకొకరి మీద ఆధారపడేవారు ఉన్నారా? ఎక్కువ తోడ్పాటు కావాలని దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ కింద వారే దరఖాస్తు చేయవచ్చు, వారి తరఫున మరొకరూ చేయవచ్చు. జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే చట్టంలోని ఆ మాట ఇంటిదాకా వస్తుంది.